కారే కిటికీ, పట్టేసే తలుపు: ఇంటి యజమాని ఫిర్యాదుకు ఉన్న దారులు

రాయ్‌పూర్‌లో పండరీ పేరు చెబితే ముందుగా బట్టల టోకు బజారు గుర్తొస్తుంది. వినియోగదారుల కేసులు నడిపేవాళ్ళకు మాత్రం పండరీ అంటే ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. ఆ కమిషన్ ఉత్తర్వుల తలకట్టులో ‘పండరీ, రాయ్‌పూర్’ అనే ఉంటుంది. బీమా, బ్యాంకు, ఆసుపత్రి కేసులతో పాటు ఇళ్ళ నిర్మాణంలో జరిగిన లోపాల తగాదాలూ ఇలాంటి కమిషన్ల ముందుకే వస్తాయి. వాటిలో చిన్నదిగా కనిపిస్తూ ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి వేధించేది తలుపులు, కిటికీల పని.

డబ్బు తీసుకున్న కాంట్రాక్టరు గుమ్మాలు వంకరగా నిలబెట్టి, వానకు కారేలా కిటికీలు బిగించి వెళ్ళిపోతే ఇంటి యజమాని ఏం చెయ్యగలడు? చట్టం ఏం ఇస్తోంది? కోర్టులు ఏమన్నాయి? ఆచరణలో ఫిర్యాదు ఎక్కడ ఆగిపోతోంది? వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. చట్టం ఇంటి యజమానికి కావలసినంత ఇచ్చింది. లోపాన్ని కొలతల్లో చూపలేకపోయిన చోటే ఫిర్యాదు నీరుగారిపోతోంది.

లోపం ఎక్కడ పుడుతుంది

తలుపులు, కిటికీలు ఇంటి పనిలో చివరి దశలో పడతాయి. అప్పటికి యజమాని చేతిలో డబ్బు అయిపోవస్తుంది, గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతుంది, కాంట్రాక్టరు మనసు తర్వాతి సైటు మీదకు పోతుంది. బిల్లులో సింహభాగం చెల్లింపు అయిపోయి ఉంటుంది. తొందర, నిర్లక్ష్యం రెండూ కలిసేది ఇక్కడే.

ముందు గుమ్మం సంగతి. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు రసమట్టం, తూకపు గుండు పెట్టి చూడాలి. ఎదురెదురు మూలల మధ్య కొలత రెండు వైపులా ఒకటిగా రావాలి. రాకపోతే చట్రం పక్కకు వాలినట్టే లెక్క. ఆ వాలును తర్వాత తలుపు రెక్కను చిత్రిక పట్టి కప్పిపుచ్చుతారు. మొదట బాగానే మూసుకుంటుంది. బరువు పడేకొద్దీ కుంగి నేలకు రాసుకుంటుంది. చట్రాన్ని గోడకు పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్టులు తగినన్ని వెయ్యకుండా, సందుల్లో ఇటుక ముక్కలు కుక్కి సిమెంటు పూస్తే తలుపు వేసినప్పుడల్లా గోడ అదిరి ప్లాస్టరింగులో చీలిక వస్తుంది.

తర్వాత బందులు. బరువైన టేకు తలుపుకు బిగించిన ఒక బందును విప్పించి చూడండి. స్క్రూను తిప్పి దించారో, సుత్తితో కొట్టి దించారో చెక్కే చెబుతుంది. తిప్పి దించితే చెక్కలో మర గాట్లు శుభ్రంగా ఉంటాయి. కొట్టి దించితే రంధ్రం అంచులు చిట్లి, పీచు లేచి, స్క్రూ వేలితో లాగినా ఊడి వస్తుంది. పని త్వరగా తేలుతుందని కొంతమంది వడ్రంగులు ఇలా చేస్తారు. కుంగే తలుపుల వెనక కథ చాలాసార్లు ఇదే.

చెక్క ఆరకపోవడం మరో జబ్బు. రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, జూన్ దాటగానే గాలి నిండా తేమ. పచ్చి చెక్కతో చేసిన తలుపు ఎండకు కుంచించుకుపోయి చీలుతుంది, వానకు ఉబ్బి పట్టేస్తుంది. వానాకాలం నాలుగు రోజులు బిగుతుగా మూసుకునే తలుపును లోపం అనలేం. గడియ పడనంతగా మారితే, చీలిక అటు నుంచి ఇటు కనిపిస్తే అది లోపమే.

అల్యూమినియం, యూపీవీసీ కిటికీల్లో తగాదా ఎక్కువగా నీటితోనే. జారుడు కిటికీ కింది పట్టాలో నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. బిగించేటప్పుడు వాటిని సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూసేస్తే పట్టా నిండి నీరు గదిలోకి పొర్లుతుంది. కిటికీ దిమ్మె బయటికి వాలుగా ఉండాలి. లోపలికి వాలితే ఎంత సిలికాన్ పూసినా ప్రయోజనం లేదు. సన్‌షేడు అడుగున గాడి లేకపోతే నీరు గోడను పట్టుకుని చట్రం దాకా పాకుతుంది. దుమ్ము తుడవని గోడ మీద పూసిన సిలికాన్ ఒక్క వేసవికే పొరలా ఊడుతుంది. అల్యూమినియం చట్రానికి తడి సిమెంటు తగిలితే మరకలు పడి పైపూత దెబ్బతింటుంది. రక్షణ టేపు ప్లాస్టరింగు అయ్యేదాకా ఉంచాల్సింది అందుకే.

వీటికి భారత ప్రమాణాలు లేకపోలేదు. చెక్క చట్రాలకు ఐఎస్ 4021, ఫ్లష్ తలుపులకు ఐఎస్ 2202, అల్యూమినియం తలుపులు, కిటికీలకు ఐఎస్ 1948 ఉన్నాయి. బిగింపుకు కూడా రెండు మార్గదర్శకాలు ఉన్నాయి: లోహపు తలుపులు, కిటికీలకు ఐఎస్ 1081, చెక్కవాటికి ఐఎస్ 4913. ఇంటి ఒప్పందాల్లో ఈ అంకెలు కనిపించడమే అరుదు. ఒప్పందంలో ‘పని ఐఎస్ 1081 ప్రకారం’ అని ఒక్క వాక్యం రాసుకుంటే, రేపు తగాదా వచ్చినప్పుడు ఏది మంచి పనో తేల్చడానికి కొలబద్ద సిద్ధంగా ఉంటుంది.

చట్టం ఏమిచ్చింది

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో మొదట ఇళ్ళ నిర్మాణం పేరు లేదు. 1993 సవరణతో ‘సేవ’ నిర్వచనంలోకి గృహ నిర్మాణం వచ్చింది. అదే ఏడాది నవంబరులో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ, ఎం.కె. గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఇల్లు కట్టి ఇవ్వడం సేవేననీ, అందులో లోపానికి పరిహారం అడగవచ్చనీ స్పష్టం చేసింది. హైదరాబాదుకు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో ఇచ్చిన తీర్పు దీన్ని ఇంకొంచెం విస్తరించింది. లేఅవుటు, రోడ్లు, ఇతర వసతులు కల్పిస్తామని ప్లాట్లు అమ్మడమూ సేవ కిందికే వస్తుందని తేల్చింది. స్థలం ఇచ్చి, బిల్డరు చేత కట్టించుకుని, ఫ్లాట్లు పంచుకునే యజమాని కూడా వినియోగదారుడేనని 2008లో ఫకీర్‌చంద్ గులాటీ కేసు చెప్పింది. డెవలప్‌మెంటుకు స్థలాలు ఇచ్చే తెలుగు నగరాల వాళ్ళకు ఇది బాగా పనికొచ్చే తీర్పు.

2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 చట్టం దారిని మరింత సులువు చేసింది. వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌కు, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలే. కాబట్టి కిటికీల కేసు మొదలయ్యేది జిల్లా కమిషన్‌లో, పండరీ దాకా వచ్చేది అప్పీలుగా. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు.

రాయ్‌పూర్, భిలాయ్ తెలుగువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన మార్పు ఒకటుంది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయినప్పటి నుంచి, ఆ తర్వాత 1950లలో భిలాయ్ ఉక్కు కర్మాగారం వచ్చాక మరింతగా, ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. వారిలో చాలామందికి సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలన్న కోరిక ఉంటుంది. ఫోను మీదే కాంట్రాక్టరుకు పని అప్పగిస్తారు. పాత చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉండే చోటో, తగాదాకు కారణం పుట్టిన చోటో కేసు వెయ్యాల్సి ఉండేది. కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసే చోట కూడా వెయ్యవచ్చు. శ్రీకాకుళంలో కట్టించిన ఇంటి కిటికీల గురించి రాయ్‌పూర్‌లో ఉండే యజమాని రాయ్‌పూర్ జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఇల్లు చూసి నివేదిక రాసే ఇంజనీరు మాత్రం ఆ ఊళ్ళోనే దొరకాలి.

బిల్డరు దగ్గర కొన్న ఇల్లైతే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఇంకా బలమైన ఆయుధం. 14వ సెక్షన్ ప్రకారం స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్ళలోపు బయటపడిన నిర్మాణ లోపాన్నీ, పనితనంలో లోపాన్నీ బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. చెయ్యకపోతే పరిహారం ఇవ్వాలి. రెరాకు వెళ్ళే హక్కు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2020 నవంబరులో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే సొంత స్థలంలో కాంట్రాక్టరు చేత కట్టించుకున్న ఇంటికి, పాత ఇంటి మరమ్మతులకు రెరా వర్తించదు. అక్కడ వినియోగదారుల చట్టమో, 1872 నాటి ఒప్పందాల చట్టం కింద సివిల్ దావానో మిగులుతుంది.

పోలీసు స్టేషనుకు పరిగెత్తడం మన దగ్గర మామూలే. పని పాడు చెయ్యడం ఒక్కటే మోసం నేరం కిందికి రాదు. మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపించాలని సుప్రీంకోర్టు పలుసార్లు చెప్పింది. స్టేషనులో పోయే నెలలు చివరికి వినియోగదారుల కేసు గడువులోంచే పోతాయి.

బాధ్యత ఎవరిది

ఈ తగాదాల్లో అన్నిటికంటే చిక్కైన ప్రశ్న ఇదే. కిటికీ కారుతోందని యజమాని అడిగితే కంపెనీ తన సరుకు బాగుందని, బిగించింది డీలరని అంటుంది. గోడే వంకరగా ఉందని డీలరు అంటాడు. తాను కట్టేటప్పటికి కొలతలు ఇవ్వలేదని తాపీమేస్త్రీ అంటాడు. ముగ్గురూ చెప్పేదాంట్లో కొంత నిజం ఉండవచ్చు కూడా. అందుకే ఫిర్యాదులో సంబంధం ఉన్న వాళ్ళందరినీ ఎదుటి పక్షాలుగా చేర్చడం మేలు. ఒకణ్ణి వదిలేస్తే మిగతావాళ్ళు నేరమంతా అతని మీదికే నెడతారు.

ఒప్పందం ఎలాంటిదన్నదీ ముఖ్యమే. సరుకుతో సహా పని ఒప్పుకున్న కాంట్రాక్టరు రెండిటికీ జవాబుదారీ. యజమానే చెక్క కొని ఇచ్చి, కేవలం పని అప్పగిస్తే చెక్క పచ్చిదన్న నింద వడ్రంగి మీద నిలవదు. రోజు కూలికి పెట్టుకుని, యజమానే దగ్గరుండి పని చెప్పి చేయించుకుంటే అది ‘వ్యక్తిగత సేవా ఒప్పందం’ అవుతుంది, దానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. సేవ కోసం చేసుకునే ఒప్పందానికీ, దీనికీ తేడా ఏమిటో 1995లో వైద్యుల కేసు, అంటే ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసు తీర్పులో సుప్రీంకోర్టు వివరించింది.

కాంట్రాక్టరు పక్షమూ వినాలి. గుమ్మం నిలబెట్టాక కొలతలు మార్చమన్న యజమానులు ఉన్నారు. ధర తగ్గించడానికి తామే నాసిరకం బందులు ఎంచుకుని, తర్వాత తలుపు కుంగిందన్నవాళ్ళు ఉన్నారు. చివరి బిల్లు ఎగ్గొట్టడానికి గీతలను కూడా లోపాలుగా చూపేవాళ్ళూ ఉన్నారు. నిజాయితీగా పని చేసే మేస్త్రీకి ఇవన్నీ అన్యాయమే. కొలతలు, రాతకోతలు ఆ మేస్త్రీనీ కాపాడతాయి.

గెలుపు సాక్ష్యంలోనే

సేవలో లోపం ఉందని నిరూపించే భారం ఫిర్యాదుదారుదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. ‘కిటికీలు సరిగా లేవు’ అని రాస్తే కమిషన్ ఏం చెయ్యగలదు? ‘ఉత్తరం గదిలో కిటికీ చట్రం ఎదురు మూలల కొలతల్లో ఇన్ని మిల్లీమీటర్ల తేడా ఉంది, దిమ్మె లోపలికి వాలి ఉంది, పైపుతో నీళ్ళు కొట్టిన ఇన్ని నిమిషాలకు కింది ఎడమ మూల నుంచి నీరు వచ్చింది’ అని ఫోటోలు, వీడియోతో సహా ఒక సివిల్ ఇంజనీరు సంతకం చేసి ఇస్తే కమిషన్ తీర్పు రాయగలదు.

నీటి పరీక్షకూ ఒక పద్ధతి ఉంది. కింది నుంచి పైకి, ఒక్కో భాగం మీద కాసేపు నీళ్ళు పట్టాలి. ముందే పై నుంచి కొడితే ఎక్కడ కారుతోందో తెలియదు. దిమ్మె దగ్గర పట్టినప్పుడే కారితే అది బిగింపు తప్పు. రెక్కల మధ్య పట్టినప్పుడు కారితే రబ్బరు బీడింగుదో కిటికీ తయారీదో తప్పు. సన్‌షేడు మీద పట్టాకే కారితే తాపీపని తప్పు. ఈ ఒక్క పరీక్షతో ముగ్గురి వాదనల్లో ఏది నిజమో తేలిపోతుంది. కాంట్రాక్టరుకు ముందుగా కబురు పెట్టి, అతని ఎదుటే చేయిస్తే ఇంకా బలం.

ఫిర్యాదుదారు సొంత ఇంజనీరు నివేదికను ఎదుటి పక్షం ‘డబ్బిచ్చి రాయించుకున్నది’ అనడం ఖాయం. అందుకే నిపుణుడైన పరిశీలకుణ్ణి పంపమని కమిషన్‌నే మొదటి వాయిదాలోనే అడగాలి. ఆ నివేదిక వచ్చేదాకా కిటికీలు పీకించి కొత్తవి పెట్టించుకోకూడదు. తప్పక మార్చాల్సి వస్తే ప్రతి దశనూ ఫోటోలు తీసి, పీకిన భాగాలను దాచి ఉంచాలి. మార్పించిన తర్వాత లోపం నిరూపించడం దాదాపు అసాధ్యం.

నగదు చెల్లింపు మరో గొయ్యి. రశీదు లేని డబ్బు కేసులో లేనట్టే. బ్యాంకు బదిలీలు, వాట్సాప్ సందేశాలు, కొటేషన్లు, ‘వచ్చే వారం మనిషిని పంపిస్తా’ అని కాంట్రాక్టరు పెట్టిన ఆడియోలు అన్నీ దాచాలి. లోపం ఉందని అతను ఒప్పుకున్న సందేశం ఏ నిపుణుడి నివేదికకూ తీసిపోదు.

గడువు, రాజీ, అమలు

వినియోగదారుల కేసు వెయ్యడానికి గడువు 2 ఏళ్ళు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ క్షమించవచ్చు గానీ దాన్ని నమ్ముకోకూడదు. కాంట్రాక్టర్ల వాయిదా మాటలకు ఒక వానాకాలం, మరో వానాకాలం గడిచిపోతాయి. మొదటి వానకే లోపం కనిపిస్తే ఆ నెలలోనే రిజిస్టరు పోస్టులో లేఖ రాయాలి. లోపాల జాబితా, సరిచెయ్యడానికి గడువు, చెయ్యకపోతే వేరే వాళ్ళ చేత చేయించి ఖర్చు వసూలు చేస్తామన్న మాట, ఈ మూడూ అందులో ఉంటే చాలు. కోపం అక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే కేసుకు ముందే కొన్ని తగాదాలు తెగుతాయి.

కేసు స్వీకరించాక ఎదుటి పక్షానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అవసరమైతే మరో 15 రోజులు మాత్రమే. పాత చట్టంలోని ఇదే 45 రోజుల హద్దును దాటించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో హిల్లీ మల్టీపర్పస్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్షలు అక్కర్లేని కేసు 3 నెలల్లో, పరీక్షలు కావలసినది 5 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. ఆచరణలో వాయిదాల మీద వాయిదాలు పడి కేసులు ఏళ్ళకు సాగడం కమిషన్ల మెట్లెక్కిన వాళ్ళందరికీ తెలుసు. తలుపులు, కిటికీల కేసులో ఈ జాప్యం మరీ చేటు. తడి గోడ ఏటా మరింత పాడవుతుంది, సాక్ష్యం మారిపోతుంది.

ఇలాంటి తగాదాలకు మధ్యవర్తిత్వమే సరైన మందని నా అభిప్రాయం. రాజీకి వీలుందని తోస్తే ఇరుపక్షాల అంగీకారంతో మధ్యవర్తి దగ్గరికి పంపే అధికారం కొత్త చట్టం కమిషన్‌కు ఇచ్చింది. అలా కుదిరిన రాజీ మీద జిల్లా కమిషన్ ఇచ్చే ఉత్తర్వుకు అప్పీలు ఉండదు. యజమానికి కావలసింది కారని కిటికీ. కాంట్రాక్టరుకు కావలసింది రావలసిన బాకీ, పోని పేరు. ఇంజనీరు నివేదిక బల్ల మీద ఉంటే ఏ కిటికీ మార్చాలి, ఏది సరిచేస్తే చాలు, బాకీలో ఎంత తగ్గించాలి అన్నవి కొన్ని గంటల్లో తేలగలవు.

కాలిఫోర్నియాలో 2003 జనవరి నుంచి అమ్మిన కొత్త ఇళ్ళకు వర్తించే చట్టం ఇలాంటి ఆలోచననే పాటించింది. తలుపు చుట్టూగానీ కిటికీ చుట్టూగానీ అనుకోని రీతిలో నీరు లోపలికి రాకూడదని ఆ చట్టంలోనే ప్రమాణం రాసి ఉంది. దావాకు ముందు బిల్డరుకు సరిచేసే అవకాశం ఇవ్వాలి. ఇంగ్లండులో 2002 నుంచి ఫెన్సా పథకం కింద నమోదైన సంస్థలు మార్చి బిగించిన కిటికీలకు, తలుపులకు భవన నిబంధనల ప్రకారం పని జరిగిందని ధ్రువపత్రం వస్తుంది. మన దగ్గర ఐఎస్ ప్రమాణాలు ఉన్నా ఇంటి ఒప్పందాలకు వాటితో ముడి పడలేదు. ఆ ముడి వేసేలా మున్సిపాలిటీలు, రెరా సంస్థలు ఒక నమూనా ఒప్పందం తేవాలి.

రాజీ కుదరక తీర్పే వస్తే, కమిషన్ లోపం సరిచెయ్యమనవచ్చు, సొమ్ము వాపసు ఇమ్మనవచ్చు, మనోవేదనకు, ఖర్చులకు పరిహారం వెయ్యవచ్చు. అప్పీలుకు 45 రోజులు. ఓడిన కాంట్రాక్టరు రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలంటే చెల్లించాల్సిన మొత్తంలో సగం ముందే జమ చెయ్యాలి. కాలయాపన కోసం వేసే అప్పీళ్ళకు ఇది మంచి అడ్డుకట్ట. ఉత్తర్వు పాటించకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

‘లోపం సరిచెయ్యాలి’ అన్న ఉత్తర్వుకంటే, వేరేవాళ్ళ చేత సరిచేయించుకోవడానికి అయ్యే ఖర్చు ఇప్పించమని అడగడం చాలాసార్లు మంచిది. నమ్మకం పోయిన మనిషి చేత మళ్ళీ అదే పని చేయించుకుంటే రెండో తగాదా పుడుతుంది. ఆ ఖర్చుకు ఇద్దరు ముగ్గురు వేరే పనివాళ్ళ కొటేషన్లు జత చేస్తే కమిషన్‌కు అంకె తేల్చడం సులువవుతుంది.

మొత్తంగా

ముప్పై ఏళ్ళుగా తీర్పులు ఇంటి యజమానికి హక్కు ఇస్తూ వచ్చాయి. కొత్త చట్టం ఆ హక్కును అతని గుమ్మం దగ్గరికే తెచ్చింది. లోటంతా రెండు చోట్ల ఉంది: పని మొదలు కాకముందు కాగితం లేకపోవడం, పని పాడయ్యాక కొలత లేకపోవడం. మొదటిది యజమానులూ కాంట్రాక్టర్లూ కలిసి సరిచేసుకోవాలి. రెండో దాంట్లో కమిషన్లకూ బాధ్యత ఉంది. నిర్మాణ లోపాల కేసు స్వీకరించిన రోజునే నిపుణుణ్ణి నియమించే పద్ధతి పెట్టుకుంటే పండరీ దాకా అప్పీళ్ళు రావడమే తగ్గుతుంది.

ఇల్లు కట్టించుకుంటున్న వారికి నా మనవి ఒక్కటే. ప్రభుత్వ పనుల్లో కొంత సొమ్ము అట్టిపెట్టుకుని, లోపాల బాధ్యత గడువు ముగిశాక విడుదల చేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మీ ఒప్పందంలోనూ అది రాసుకోండి. తలుపులు, కిటికీల బిల్లులో పదో వంతు కాంట్రాక్టరు సమ్మతితోనే ఆపి, ఒక పూర్తి వానాకాలం గడిచాక, ఒక్క కిటికీ కూడా కారలేదని ఇద్దరూ కలిసి చూసుకున్నాక చెల్లించండి.